పెళ్లి ఫోటో నలుపు తెలుపుల్లో పండాలంటే: టోన్, టెక్స్చర్ ఎలా సరిచేయాలి

పెళ్లి ఫోటోలోంచి రంగు తీసేయడానికి ఒక్క క్షణం చాలు. ఫోటోలు సవరించే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో డెవలప్ మాడ్యూల్ తెరిచి 'వి' కీ నొక్కితే ఫోటో నలుపు తెలుపు అయిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఎర్రటి కంచి పట్టుచీర, దాని ముదురాకుపచ్చ అంచు ఒకే బూడిదలో కలిసిపోతాయి. నుదుటి మీది కుంకుమ బొట్టు వెతికితే గానీ కనిపించదు. పసుపు రాసిన కొబ్బరిబొండం, బంగారు కాసులపేరు, పెళ్లికూతురి చెంప అన్నీ ఇంచుమించు ఒకే ఛాయలోకి వచ్చేస్తాయి. రంగులో కళకళలాడిన ఫోటో చప్పబడిపోతుంది.

అప్పుడు చాలామంది చేసే పని క్లారిటీ, కాంట్రాస్ట్ స్లైడర్లను కుడివైపుకి లాగేయడం. మొదటి చూపుకి బాగానే అనిపిస్తుంది. కాస్త దగ్గరగా చూస్తే ముఖాలు మసిబారి ఉంటాయి, తెల్ల పంచె మురికిపట్టినట్టు ఉంటుంది, తలకట్టు చుట్టూ తెల్లటి గీత తేలుతుంది. చీరా అంచూ మాత్రం ఇంకా కలిసే ఉంటాయి. అందుకే ముందు టోన్ చూసుకోండి, అంటే ఫోటోలో ఏది ఎంత వెలుగులో ఉండాలో తేల్చుకోండి. టెక్స్చర్, అంటే నేత, గరుకు లాంటి పైపై వివరం, ఆ తర్వాత. అది కూడా ఫోటో అంతటా కాదు, చెయ్యి పెట్టి తడిమి చూడాలనిపించే చోట మాత్రమే.

చెప్పుకోవడానికి ఒక ఫోటో అనుకుందాం. అడ్డుతెర తీసేశారు. పెళ్లికూతురు పెళ్లికొడుకు తల మీద జీలకర్ర బెల్లం పెట్టి ఉంది. ఆమెది ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు, మల్లెల పూలజడ. అతనిది తెల్ల పంచె, ఎర్ర అంచు. ఇద్దరి నుదుటా బాసికాలు. వెనక ఫంక్షన్ హాల్ వాళ్ల ఊదారంగు ఎల్‌ఈడీ లైట్లు.

ఏ ఫోటోని మార్చాలి

అన్నిటినీ మార్చకండి. మంగళస్నానాల ఫోటోల్లో పసుపే ప్రాణం, దాన్ని తీసేస్తే మిగిలేది తడిసిన మనుషులు. ముఖంలో, చేతుల్లో విషయం ఉన్న ఫోటోలు నలుపు తెలుపులో నిలబడతాయి: అప్పగింతల్లో తండ్రి ముఖం, తాళి కట్టే వేళ్లు, మంత్రం చెబుతూ కళ్లు మూసుకున్న పంతులుగారు, వెనక వరసలో కూర్చుని చూస్తున్న అమ్మమ్మ. లైటింగ్ ఊదాగా, గులాబీగా కలగాపులగమై రంగులో ఎంతకీ కుదరని ఫోటోలకూ ఇది మంచి దారే. కాకపోతే నీలం లైటు మొహం మీద నిండా పడి ఆ ఒక్క చానెల్ (ఫోటోలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింట్లో ఒకటి) కొట్టుకుపోయి ఉంటే నలుపు తెలుపు కూడా కాపాడలేదు. అక్కడ చర్మం వివరాలు ఫైల్లోనే ఉండవు.

రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారాన్ని మార్చకుండా దాచిన ఫైల్) మీదే పని చేయండి. 14 బిట్ రా ఫైల్లో ఒక్కో చానెల్‌కి 16,384 వెలుగు మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. రంగు ఫోటోలో మూడు చానెళ్లు కలిసి ఆ లోటుని కొంత కప్పేస్తాయి. నలుపు తెలుపులో ఆ 256 మెట్లను అటూ ఇటూ లాగితే చెంప మీద, వెనక పరదా మీద చారలు బయటపడతాయి.

రంగులో ఉండగానే సరిచేయాల్సినవి

ముందు వర్చువల్ కాపీ (అసలు ఫోటోని తాకకుండా లైట్‌రూమ్ చేసే నకలు) తీసి దాని మీదే పని మొదలుపెట్టండి. పెద్దవాళ్లు "చీర రంగేదీ?" అని తప్పకుండా అడుగుతారు, రంగు ఫోటో మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

వైట్ బ్యాలెన్స్, అంటే లైటు వల్ల ఫోటోకి పట్టిన ఛాయని సరిచేయడం, రంగుకి సంబంధించింది కదా, ఇప్పుడు దానితో పనేంటి అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ ప్రతి రంగునీ ఎంత బూడిదగా మార్చాలో వైట్ బ్యాలెన్స్ సరిచేశాక వచ్చిన రంగుని బట్టే లెక్క వేస్తుంది. ఊదా లైటు చర్మం మీద అలాగే ఉండిపోతే తర్వాత ఆరెంజ్ స్లైడర్ కదిపినా చర్మం కదలదు, మెజెంటా కదిపితే కదులుతుంది, దాంతో పాటు వెనక గోడ కూడా కదులుతుంది. కాబట్టి చర్మం చర్మంలా, పంచె తెల్లగా కనిపించేదాకా టెంపరేచర్, టింట్ సవరించండి.

నాయిస్, అంటే ఫోటో మీద గింజల్లా లేచే మచ్చలు, వాటి పని కూడా ఇప్పుడే చూసుకోవాలి. కల్యాణ మండపంలో ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే సున్నితత్వం) పెంచి తీసిన ఫోటో అయితే లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఉన్న ఏఐ డీనాయిస్‌ని సగం దగ్గర పెట్టి చూడండి. జరీ పోగులు మైనంలా కరిగిపోతుంటే ఇంకా తగ్గించండి. దీన్ని ముందే ఎందుకు చేయాలంటే, తర్వాత మనం పెంచబోయే టెక్స్చర్ నాయిస్‌ని కూడా నేతే అనుకుని పైకి తెస్తుంది.

రంగుల మిక్సర్: అసలు పని ఇక్కడే

'వి' నొక్కాక రంగుల్ని విడివిడిగా సవరించే కలర్ మిక్సర్ (పాత వెర్షన్లలో హెచ్ఎస్ఎల్) ఉన్న చోట నలుపు తెలుపు మిక్సర్ వస్తుంది. రెడ్, ఆరెంజ్, ఎల్లో, గ్రీన్, ఆక్వా, బ్లూ, పర్పుల్, మెజెంటా అని ఎనిమిది స్లైడర్లు. ఏ స్లైడర్‌ని కుడికి జరిపితే ఆ రంగు ఉన్న చోటు తెల్లబడుతుంది, ఎడమకి జరిపితే నల్లబడుతుంది. మన పెళ్లి ఫోటో తేలేదీ మునిగేదీ ఎక్కువగా మొదటి నాలుగిటి దగ్గరే.

రెడ్‌తో మొదలుపెట్టండి. కుంకుమ, పారాణి, గోరింటాకు, ఎర్ర చీర, పంచె అంచు అన్నీ దీని కిందే ఉన్నాయి. మైనస్ 25 నుంచి మైనస్ 35 దాకా తెస్తే బొట్టు ముదురుతుంది, చీరకి బరువు వస్తుంది, తెల్ల పంచె మీద అంచు గీసినట్టు కనబడుతుంది. ఇదే రెడ్‌ని పెంచితే చర్మం మీది మొటిమలు, ఎరుపు మచ్చలు మాయమై ముఖం నున్నగా అవుతుంది, అందుకే చాలా ప్రీసెట్లలో (అంకెలు ముందే పెట్టి ఉంచిన సెట్టింగుల్లో) దాన్ని పెంచేసి ఉంచుతారు. కానీ మన ఫోటోలో మచ్చతో పాటు బొట్టూ పోతుంది. బొట్టు కనిపించని పెళ్లికూతురి ఫోటోని ఏ ఇంట్లోనూ ఫ్రేము కట్టించరు. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు తెలిసేది కాదు, ఎర్రటివన్నీ దాదాపు నల్లగా వచ్చేవి. నలుపు తెలుపులో బొట్టు ముదురుగా ఉంటేనే కంటికి సహజంగా తోస్తుంది. రెడ్ తగ్గించినప్పుడు మొటిమలు పైకి తేలితే హీలింగ్ బ్రష్‌తో ఆ నాలుగు మచ్చలూ తీసేయండి, స్లైడర్‌ని మాత్రం వెనక్కి జరపకండి.

తర్వాత గ్రీన్. ఎర్ర చీరకి ఆకుపచ్చ అంచు ఉంటే గ్రీన్‌ని ప్లస్ 20, ప్లస్ 30 దాకా పెంచండి. చీర ముదురుగా, అంచు లేతగా విడిపోతాయి. మామిడి తోరణాలు, అరటి ఆకులు కూడా వాటితో పాటే తేటపడతాయి. ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు అయినా ఇదే లెక్క, చీర లేతగా, అంచు ముదురుగా వస్తుంది.

ఆరెంజ్ అంటే చర్మం. దీన్ని సున్నాకి ఆనుకునే ఉంచండి, మహా అయితే ప్లస్ 10. "కాస్త తెల్లగా వచ్చేలా చూడండి" అని ఇంటివాళ్లు అడుగుతారు. ఆరెంజ్‌ని ప్లస్ 40కి తోస్తే ఆ కోరిక తీరినట్టే ఉంటుంది గానీ ముక్కు పక్క నీడ, గడ్డం కింద నీడ చెదిరిపోయి ముఖం పలకలా అవుతుంది. చామనఛాయ నలుపు తెలుపులో చాలా అందంగా వస్తుంది. నుదుటి మీద వెలుగు, చెంపల్లో మధ్యస్థం, మెడ దగ్గర ముదురు అన్న మూడు మెట్లూ అందులో స్పష్టంగా ఉంటాయి. దాన్ని తెల్లబరచడం ఆ అమ్మాయికి మేలు చేయడం కాదు. ముఖం నిజంగా నీడలో ఉండిపోతే మాస్క్ వేసి (మార్పు ఆ ఒక్క చోటికే తగిలేలా ఎంచుకుని) ఎక్స్‌పోజర్‌ని 0.2, 0.3 పెంచండి, అది వేరే సంగతి.

ఎల్లో దగ్గర ఒక్క లెక్కంటూ లేదు. తలంబ్రాల ఫోటో అయితే పెంచాలి. పసుపు కలిపిన బియ్యం గాల్లో ఉన్నప్పుడు ఎల్లో ప్లస్ 30 దగ్గర ఒక్కో గింజా ముదురు నేపథ్యం మీద విడివిడిగా మెరుస్తుంది. అదే నగల క్లోజప్‌కి ఎల్లో పెంచితే బంగారం పాలిపోతుంది. బంగారానికి అందం తెల్లదనంతో రాదు, ముదురు భాగం పక్కనే ఉన్న చిన్న మెరుపుతో వస్తుంది. అక్కడ మైనస్ 10 మేలు. మన జీలకర్ర బెల్లం ఫోటోలో నగలూ ఉన్నాయి, బాసికాలూ ఉన్నాయి, కాబట్టి సున్నా దగ్గరే వదిలేయడం మంచిది. ఒక జాగ్రత్త ఉంది: ఆరెంజ్‌కి, ఎల్లోకి మధ్య తేడా మరీ ఎక్కువ పెట్టకండి. చర్మంలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఒకటి ప్లస్ 30, ఇంకోటి మైనస్ 30 అయితే ముఖం మీద అతుకులు పడతాయి.

వెనక ఊదా లైట్లకి పర్పుల్, మెజెంటాలని కొద్దిగా తగ్గిస్తే నేపథ్యం వెనక్కి వెళుతుంది. బ్లూని మైనస్ 60 లాంటి చోటికి తీసుకెళ్లకండి. ఆ చోట గింజలు గింజలుగా నాయిస్ లేస్తుంది, మనిషి అంచుల చుట్టూ గీత పడుతుంది.

ఏ స్లైడర్ దేన్ని కదుపుతోందో అర్థంకాకపోతే మిక్సర్ మూలన ఉన్న గుండ్రటి టార్గెటెడ్ టూల్ తీసుకుని చీర మీద నొక్కి పట్టి పైకీ కిందికీ లాగండి. అక్కడున్న రంగుల్ని అదే వెతికి కదుపుతుంది. కొత్తవాళ్లు స్లైడర్ల కంటే దీనితోనే తొందరగా నేర్చుకుంటారు.

వెలుగు మెట్లు

1940 ప్రాంతంలో అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ అనే పద్ధతి తయారుచేశారు. కటిక నలుపుని 0, శుద్ధ తెలుపుని 10 అనుకుని మధ్యలో మెట్లు పెట్టారు. 5వ మెట్టు నడిమి బూడిద. 3వ మెట్టు దాకా నీడలో వివరం నిండుగా ఉంటుంది, 7వ మెట్టు దాకా వెలుగులో వివరం ఉంటుంది. తెల్లవాళ్ల చర్మాన్ని వాళ్లు 6వ మెట్టులో పెట్టేవారు. మన ముఖాలు చాలావరకు 5 దగ్గర, కాస్త అటూ ఇటూగా కూర్చుంటాయి. బయటి దేశాల ప్రీసెట్ వేయగానే మన ముఖాలు సున్నం కొట్టినట్టు అవడానికి ఒక కారణం ఇదే, అది ఇంకో చర్మాన్ని మనసులో పెట్టుకుని చేసింది.

లైట్‌రూమ్‌లో ఈ లెక్క సులువు. ఫోటో మీద మౌస్ పెడితే హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు పంపకం చూపే గ్రాఫ్) కింద శాతాలు కనిపిస్తాయి, నలుపు తెలుపులో మూడు చానెళ్ల అంకెలూ ఒకటే. నేను చూసుకునే అంకెలు సుమారుగా ఇవి: జడలో మల్లెలు 88 నుంచి 93, తెల్ల పంచె 80 నుంచి 88, ముఖం వెలుగు వైపు 55 నుంచి 62, నీడ వైపు 35 నుంచి 40, జుట్టు 8 నుంచి 15. ఇవి శాసనాలు కావు, దారి తప్పకుండా పెట్టుకునే గుర్తులు.

పూలజడే ఈ పనికి పరీక్ష. నల్లటి జుట్టూ తెల్లటి మల్లెలూ పక్కపక్కనే ఉంటాయి. మల్లె రేకుల మధ్య గీత కనిపించాలి, జుట్టులో పాయలూ కనిపించాలి. ఆ రెండూ కుదిరితే ఫోటోలో మిగతాది దాదాపు కుదిరినట్టే. ముందు హైలైట్స్ తగ్గించి రేకుల్ని వెనక్కి తెచ్చుకోండి. షాడోస్‌ని కొద్దిగానే, ప్లస్ 10, 15 దాకా పెంచండి. తర్వాత ఆల్ట్ కీ నొక్కిపట్టి వైట్స్, బ్లాక్స్ స్లైడర్లు కదపండి. తెల్లగా, నల్లగా ఎక్కడ కొట్టుకుపోతోందో తెర మీద కనిపిస్తుంది. నగ మీద మెరుపు చుక్క తెల్లబడినా పర్వాలేదు, పంచె మడతలో మాత్రం తెల్లబడకూడదు. నల్లటి చోట్ల రవ్వంత కటిక నలుపు ఉండనివ్వండి, అది లేకపోతే ఫోటోకి కుదురు రాదు.

చివర్లో టోన్ కర్వ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని సవరించే గీతలో) మెల్లని ఎస్ ఆకారం చాలు. కర్వ్ కింది కొసని పైకెత్తి నలుపుల్ని బూడిదగా చేసే ఫ్యాషన్ ఒకటుంది. ఫోన్ తెర మీద ముచ్చటగానే ఉంటుంది. ఆల్బమ్ కోసం వద్దంటాను. కాగితం మీద నల్లటి జడ దుమ్ముపట్టినట్టు కనిపిస్తుంది.

టెక్స్చర్: ఎక్కడ పెంచాలి, ఎక్కడ వదిలేయాలి

షార్పెనింగ్ అతి సన్నని అంచుల మీద పనిచేస్తుంది. టెక్స్చర్, 2019లో వచ్చిన స్లైడర్, దానికంటే కాస్త పెద్ద వివరాల్ని పట్టుకుంటుంది: నేత, జరీ బుటా, గోరింటాకు గీతలు. క్లారిటీ ఇంకా వెడల్పుగా నడిమి టోన్లలో కాంట్రాస్ట్ పెంచుతుంది. మసక తీసే డీహేజ్ అన్నిటికంటే మోటు, నలుపుల్ని ఇట్టే కిందికి నొక్కేస్తుంది. పెళ్లి ఫోటోలో ఎక్కువ పని టెక్స్చర్‌దే. క్లారిటీని అవసరమైన చోట చిటికెడు వేయండి.

ఫోటోని 100 శాతం జూమ్‌లో పెట్టి మాస్కింగ్ తెరవండి. పీపుల్ మాస్క్‌లో ఒక్కో మనిషికీ ముఖచర్మం, జుట్టు, బట్టలు విడివిడిగా ఎంచుకోవచ్చు. ముందు బట్టలు ఎంచుకుని టెక్స్చర్ ప్లస్ 20 నుంచి 30, క్లారిటీ ప్లస్ 5 పెట్టండి. పట్టు మీద ఇక్కడో తేడా గమనించండి. పట్టు నున్నన, జరీ గరుకు. ఈ రెండూ పక్కపక్కన ఉండటమే కంచి చీర అందం. చీర మొత్తానికి ఒకే మోతాదు పెంచితే పట్టు కూడా గరుకెక్కి గోనెగుడ్డలా తయారవుతుంది. అందుకని చీర అంతటికీ తక్కువగా వేసి, అంచు మీద, పైట కొంగు మీద మాత్రం బ్రష్‌తో ఇంకో ప్లస్ 20 అద్దండి.

ఇక ఫోటోకి గుండెలాంటి చోటు, పెళ్లికొడుకు తల మీది చెయ్యి. తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ముద్ద దగ్గరికి జూమ్ చేయండి. బెల్లం తడిగా మెరుస్తుంటుంది, అందులో జీలకర్ర గింజలు సన్నని చారలతో అంటుకుని ఉంటాయి, ఒకటో రెండో జారి జుట్టులో చిక్కుకుని ఉంటాయి. ఆకు ఈనెలు, వేళ్ల మీద గోరింటాకు గీతలు, మధ్యలో ఉంగరం. ఇంతటి వివరం రంగు ఫోటోలో ఎవరికీ కనిపించదు, చూపంతా ఎర్రచీర లాగేసుకుంటుంది. ఈ చిన్న చోటులో టెక్స్చర్ ప్లస్ 35, ఎక్స్‌పోజర్ ప్లస్ 0.2 పెట్టి, బ్రష్ అంచుల్ని బాగా మెత్తగా ఉంచండి. చూసేవాళ్ల కన్ను తానే అక్కడికి పోతుంది. గోరింటాకు ముందే రెడ్ తగ్గించినప్పుడు ముదిరింది కాబట్టి ఇప్పుడు కొంచెం టెక్స్చర్‌కే విచ్చుకుంటుంది. టోన్ ముందు సరిచేసుకోమన్నది ఇందుకే.

ముఖచర్మానికి టెక్స్చర్ మైనస్ 8, మైనస్ 12 చాలు. మైనస్ 40 అయితే బొమ్మ ముఖం. కళ్లకి, కనుబొమలకి, బాసికం పూసలకి ఆ మాస్క్ తగలకుండా తీసేయండి. పెద్దవాళ్ల ముఖాలకి మాత్రం ఈ మైనస్ కూడా వద్దు. అమ్మమ్మ నుదుటి ముడతలు, కళ్ల పక్కన గీతలు అలాగే ఉండాలి. ఆ గీతలు లేకపోతే ఆమె ఆమెలా ఉండదు, రేపు ఇంట్లో అందరూ ఆ ఫోటోనే వెతుక్కుంటారు. అలాగని ప్లస్ 50 వేసి ముడతల్ని చెక్కడం కూడా ఆమెకి అన్యాయమే. సున్నా దగ్గర వదిలేయండి.

హోమం పొగ మీద టెక్స్చర్, క్లారిటీ ఏవీ పెట్టకండి. పొగ మెత్తగా ఉంటేనే పొగ. దాని వెనకున్న ముఖం మసకగా ఉందని డీహేజ్ పెంచితే పొగ మరకల్లా విరుగుతుంది.

షార్పెనింగ్‌కి అమౌంట్ 40, రేడియస్ 0.8 నుంచి 1 మధ్య. మాస్కింగ్ స్లైడర్‌ని ఆల్ట్ నొక్కి జరపండి. తెల్లగా కనిపించిన చోటే షార్ప్ అవుతుంది, నల్లటి చోట్లు అలాగే ఉంటాయి. చెంపలు, నుదురు నల్లబడేదాకా, అంటే ఇంచుమించు 60 దాకా వెళ్లండి.

డాడ్జ్, బర్న్

చివరి మెరుగు ఇది: డాడ్జ్ అంటే ఎంచుకున్న చోట వెలుగు పెంచడం, బర్న్ అంటే తగ్గించడం. ఫోటోషాప్‌లో 50 శాతం బూడిదతో నింపిన కొత్త లేయర్‌ని సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్లో (రంగు పడే మోతాదు) 3 నుంచి 5 శాతం ఉన్న బ్రష్‌తో తెల్ల రంగు వేస్తే ఆ చోటు వెలుగెక్కుతుంది, నల్ల రంగు వేస్తే దిగుతుంది. పంచె మడతల్లో ఎత్తు మీద కొంచెం తెలుపు, లోతులో కొంచెం నలుపు వేయండి. గుడ్డ బల్లపరుపుగా ఉన్నది కాస్తా లేచి నిలబడుతుంది. వెనక వరసలో ఫోన్ పట్టుకున్న చుట్టాల్ని, తెల్ల ప్లాస్టిక్ కుర్చీల్ని రెండు మూడు పూతల్లో కిందికి దించండి. లేయర్‌ని ఒకసారి ఆపి, మళ్లీ వెలిగించి చూడండి. తేడా వెంటనే పసిగట్టేలా ఉంటే లేయర్ ఒపాసిటీ (గాఢత) తగ్గించాల్సిందే.

గ్రెయిన్, వెచ్చదనం, కాగితం

గ్రెయిన్ అంటే ఫిల్ము ఫోటోల్లో ఉండేలాంటి సన్నని గింజ. దాని అమౌంట్ 15 నుంచి 25, సైజు 25 దగ్గర ఉంచితే సరిపోతుంది. నున్నటి పరదా మీద చారలు కనబడకుండా కాస్తుంది, డీనాయిస్ చేసిన ఫోటోకీ చేయనిదానికీ మధ్య తేడా తగ్గిస్తుంది.

మన కలర్ ల్యాబుల్లో ఆల్బమ్ షీట్లు ఎక్కువగా కలర్ పేపర్ మీదే ప్రింట్ అవుతాయి. అందుకే శుద్ధ బూడిద ఒక షీట్‌లో ఆకుపచ్చగా, ఇంకో షీట్‌లో గులాబీగా తేలే ప్రమాదం ఉంది. కలర్ గ్రేడింగ్‌లో షాడోస్‌కి హ్యూ (రంగు) 40 దగ్గర, సాచురేషన్ (రంగు గాఢత) 4 లేదా 5 పెట్టి రవ్వంత వెచ్చదనం ఇవ్వండి. కంటికి తెలియదు గానీ ఆ రంగు తేడాల్ని మింగేస్తుంది. ఆల్బమ్‌లోని నలుపు తెలుపు ఫోటోలన్నిటికీ ఇదే అంకె ఉండాలి. మిక్సర్ అంకెల్ని మాత్రం అన్నిటికీ సింక్ చేయకండి. రాత్రి తలంబ్రాల చీర వేరు, పొద్దున అప్పగింతల చీర వేరు.

మ్యాట్ కాగితం మీద నలుపు గ్లాసీ అంత లోతుగా రాదు, నీడలు త్వరగా మూసుకుపోతాయి. మ్యాట్ ఎంచుకుంటే షాడోస్‌ని ఇంకో 5, 8 పెంచి పంపండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ, 300 పీపీఐ, షార్పెనింగ్ దగ్గర మీ కాగితం ఏదైతే అది, మోతాదు స్టాండర్డ్.

12x36 అంగుళాల షీట్లు మొత్తం ఆర్డర్ ఇచ్చేముందు మూడు ఫోటోలు చిన్న సైజులో టెస్ట్ ప్రింట్ వేయించండి: ఒకటి పూలజడ ఉన్నది, ఒకటి తెల్ల పంచె నిండుగా ఉన్నది, ఒకటి ముఖం దగ్గరగా ఉన్నది. వాటిని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పెట్టి చూడండి. జుట్టు పాయలు కలిసిపోయి ఉంటే బ్లాక్స్ కొద్దిగా పైకి, పంచె మడత తెల్లగా పోతే హైలైట్స్ ఇంకొంచెం కిందికి. ముఖం మాత్రమే దిగులుగా ఉంటే ఫోటో అంతా వెలిగించకుండా ముఖం మాస్క్ ఒక్కటే 0.2 పెంచి ఆ ప్రింటే మళ్లీ వేయించి చూడండి. అది బాగున్నాక మిగతావి పంపండి.